పక్కింటి డాబా మీద రోజంతా గొలుసుతోనే ఉంటున్న కుక్క, ఏం చేయాలో చెప్పండి

అడిగినవారు: బెజవాడ_వాసి

మాది విజయవాడ. మా ఇంటిని ఆనుకుని ఉన్న డాబా మీద ఒక లాబ్రడార్ ఉంది, ఐదేళ్లు ఉంటాయేమో. నీళ్ల ట్యాంకు కింద ఇనప రాడ్‌కి కట్టేసి ఉంచుతారు, గొలుసు మహా అయితే మూడడుగులు. పొద్దున పనమ్మాయి గిన్నెలో అన్నం పెట్టి వెళ్తుంది, సాయంత్రానికి అది ఎండి అట్టకట్టి ఈగలు ముసురుతుంటాయి. నీళ్ల బేసిన్ అడుగున పాకుడు పట్టింది. పదకొండింటి దాకా ట్యాంకు నీడ దాని మీద ఉంటుంది, ఆ తర్వాత నీడ అవతలికి జరిగిపోతుంది, గొలుసు అందక కుక్క అక్కడే ఉండిపోతుంది. ఇంకా రోహిణి కార్తె రాలేదు, ఇప్పుడే చెప్పుల్లేకుండా డాబా మీద కాలు పెట్టలేకపోతున్నాం.

వాళ్లు చెడ్డవాళ్లు అని నేను అనను. లాక్‌డౌన్‌లో కొడుకు ముచ్చటపడి తెచ్చుకున్నాడు, తర్వాత ఉద్యోగం వచ్చి టెక్సస్ వెళ్లిపోయాడు. ఇంట్లో మిగిలింది పెద్దాయన, ఆయన భార్య. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, మేడ మెట్లెక్కలేరు. మా ఆవిడ ఒకసారి మెల్లగా కదిపితే పెద్దాయన, "కుక్కే కదమ్మా, తిండి పెడుతున్నాం, ఏమన్నా కొడుతున్నామా" అన్నారట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. కొట్టకపోతే చాలా? ఏళ్ల తరబడి ఇరుగుపొరుగున ఉంటున్నాం, పండక్కి అరిసెలు ఇచ్చిపుచ్చుకుంటాం, గొడవ పెట్టుకోవాలని లేదు. కానీ రాత్రిపూట అది సన్నగా మూలుగుతుంటే నిద్ర పట్టడం లేదు, మా పాప లేచి కూర్చుంటోంది. దీనికి చట్టం ఏమైనా ఉందా, పోలీసులకి చెప్తే పట్టించుకుంటారా, ఎవరైనా సంస్థ వాళ్లు వచ్చి తీసుకెళ్తారా? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: వకీలు_రాజమండ్రి

చట్టం ఉందండీ. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, సెక్షన్ 11 చదవండి. కొట్టడం, మోయలేని బరువు మోయించడమే కాదు, మరీ పొట్టి గొలుసుతోనో మరీ బరువైన గొలుసుతోనో గంటల తరబడి కట్టేసి ఉంచడం కూడా నేరమే. ఎప్పుడూ కట్టే ఉంచే కుక్కని యజమాని సరిగా తిప్పకపోవడం వేరే నేరం, కుక్క అని పేరు పెట్టి మరీ రాశారు. సరిపడా తిండి, నీళ్లు, నీడ ఇవ్వకపోవడం ఇంకొకటి. మీరు రాసినదాంట్లో ఈ మూడూ ఉన్నాయి, కాబట్టి పెద్దాయన చెప్పిన సమాధానం కోర్టులో నిలవదు.

శిక్ష సంగతి చెప్పాలంటే మాత్రం బాధేస్తుంది. మొదటిసారి అయితే జరిమానా 10 నుంచి 50 రూపాయలు. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. దశాబ్దాల కిందటి అంకెలే ఇప్పటికీ నడుస్తున్నాయి. 2022 నవంబర్‌లో కేంద్రం సవరణ ముసాయిదా పెట్టి జనం అభిప్రాయాలు అడిగింది, ఘోరమైన హింసకి ఏడాది నుంచి మూడేళ్ల జైలు అన్నారు, అది అక్కడే ఆగిపోయింది. పైగా సెక్షన్ 11లో చాలా నేరాలకి పోలీసులు నేరుగా దర్యాప్తు మొదలుపెట్టలేరు, మెజిస్ట్రేట్ అనుమతి కావాలి. అందుకే స్టేషన్‌కి వెళ్తే ఒక కాగితం రాసుకుని పంపించేస్తారు. అదే కుక్కకి విషం పెట్టినా, చంపినా, కాలు విరగ్గొట్టినా భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 325 పడుతుంది, ఐదేళ్ల దాకా జైలు, పోలీసులు ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలి. దాని ప్రాణం మీదికి వస్తేగానీ గట్టి సెక్షన్ పడదు, మన చట్టంలో ఉన్న పెద్ద లోటు ఇదే.

అలాగని ఊరుకోవద్దు. మధ్యాహ్నం ఎండలో తేదీ, టైము కనబడేలా ఫొటోలు, వీడియోలు తీసి పెట్టుకోండి. ఘటన జరిగిన మూడు నెలల లోపే కేసు వేయాలని ఇదే చట్టంలో ఉంది, అది తెలియక నిరుడు తీసిన ఫొటోలు పట్టుకొచ్చేవాళ్లు ఉంటారు. జిల్లాలో జంతుహింస నివారణ సంఘం ఉండాలి, ఎస్‌పీసీఏ అంటారు, 2001 నిబంధనల ప్రకారం ప్రతి జిల్లాకీ ఒకటి. పశుసంవర్ధక శాఖ జిల్లా ఆఫీసులో అడిగితే ఎవరిని కలవాలో చెప్తారు. నేరం రుజువయ్యాక ఆ జంతువు మళ్లీ అదే పాట్లు పడుతుందని కోర్టుకి అనిపిస్తే యజమాని దగ్గర నుంచి తీసేసుకునే అధికారం సెక్షన్ 29లో ఉంది.

జవాబు: స్వాతి_మియాపూర్

కేసు పెట్టండి బ్రదర్, మొహమాటపడకండి. పెద్దవాళ్లు, మోకాళ్ల నొప్పులు అంటే నాకూ జాలే, కానీ ఎండలో మాడుతున్నది వాళ్లు కాదు. మేము ఉండే చోట కూడా ఇలాగే ఒక హస్కీని బాల్కనీలో పెట్టి సంక్రాంతికి ఊరెళ్లారు, వాచ్‌మెన్‌కి చెప్పాం అన్నారు, వాచ్‌మెన్ దగ్గరేమో తాళమే లేదు. అసోసియేషన్‌కి చెప్తే అది వాళ్ల సొంత విషయం అన్నారు. సొంత విషయం ఎలా అవుతుంది? 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో ఇరవై కుక్కల్ని తుపాకులతో కాల్చేస్తే దేశమంతా మాట్లాడింది, మాట్లాడాలి కూడా. మరి ఇలా నాలుగు గోడల మధ్య నెలల తరబడి చచ్చేవాటి గురించి పేపర్లో ఒక్క లైను రాదు.

జవాబు: పల్నాటి_రైతు

నేను కొంచెం వేరేగా చెప్తా, తప్పుగా అనుకోవద్దు. యాభై రూపాయల జరిమానాకి కోర్టు చుట్టూ తిరిగితే ఏడాది పోతుంది, ఆ ఏడాదీ ఆ కుక్క ఆ డాబా మీదే ఉంటుంది, పైగా పక్కింటివాడు కేసు పెట్టాడన్న కోపం దాని మీదికే పోతుంది. మా ఊళ్లో ఎవరైనా గొడ్డుని మిట్టమధ్యాహ్నం ఎండలో కట్టేసి పోతే దారినపోయే వాడెవడైనా ఆగి విప్పి చెట్టు కిందికి మార్చి కడతాడు, సాయంత్రం రచ్చబండ దగ్గర నలుగురూ మొహం మీదే అడుగుతారు, "ఏరా, నోరులేని దాన్ని అట్టా చంపుతావేంట్రా" అని. ఆ మాట పడలేకే మనిషి సర్దుకుంటాడు. మా ఊళ్లో అందరూ ధర్మాత్ములని కాదు, కనుమ రోజు ఎద్దు కొమ్ములకి రంగులేసి పూజ చేసినవాడే ఆ సాయంత్రం కోడికి కత్తి కట్టేదీ చూశా. ఇసక బండ్లకి మోయలేనంత ఎత్తి ఎద్దుని ముల్లుగర్రతో పొడిచేదీ చూశా. కానీ అడిగే నోరు ఒకటి ఉండేది. టౌనులో ఆ నోరు లేదు, అందరూ తలుపులేసుకుని లోపల బాధపడతారు.

కాబట్టి మీరు ఒక్కరే కాకుండా ఆ పెద్దాయన మాట వినే మనిషిని ఎవరినైనా తీసుకుని వెళ్లి కూర్చుని మాట్లాడండి. తప్పు పట్టడానికి వచ్చినట్టు కాకుండా, మీ వల్ల కావట్లేదు కదా, మేం చూస్తాం అన్నట్టు. అప్పటికీ వినకపోతే వకీలు గారు చెప్పిన దారి ఎలాగూ ఉంది.

జవాబు: వకీలు_రాజమండ్రి

రైతు గారూ, బండ్ల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. 1965 నుంచి దానికీ నిబంధనలున్నాయి. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా బండికి కట్టకూడదు, రోజు మొత్తం మీద తొమ్మిది గంటలకి మించి పని చేయించకూడదు. మన దగ్గర ఎండాకాలంలో చాలా రోజులు వర్తించే రూలే ఇది. అమలు చేసేవాళ్లని చూడటం మాత్రం అరుదు.

జవాబు: పశువైద్యం_కడప

ప్రభుత్వ పశువైద్యశాలలో పనిచేస్తున్నాను. కేసు సంగతి మీరూ మీరూ చూసుకోండి, నేను ఆ కుక్క ఒంటి గురించి చెప్తా.

మొదట మెడ చూడండి. పిల్లగా ఉన్నప్పుడు కట్టిన పట్టీని పెరిగాక వదులు చేయకపోతే అది చర్మంలోకి దిగిపోతుంది. పైన బొచ్చు కప్పేస్తుంది కాబట్టి దూరం నుంచి ఏమీ తెలియదు, దగ్గరికెళ్తే కుళ్లు వాసన వస్తుంది. మా దగ్గరికి ఇలాంటివి వస్తుంటాయి. కత్తెరతో పట్టీ కోస్తే మెడ చుట్టూ వేలు పట్టేంత గాడి, అందులో పురుగులు. ఆ ఇంటివాళ్లు నిజంగానే ఆశ్చర్యపోతారు, రోజూ తిండి పెడుతూ కూడా చూసి ఉండరు. దాన్ని చేత్తో తాకేవాళ్లు లేకపోవడమే అసలు జబ్బు. గోమార్లు పట్టినా అంతే, చెవి లోపల, వేళ్ల సందుల్లో గుత్తులుగా ఉంటాయి, వాటివల్ల వచ్చే జ్వరంతో రక్తం తగ్గిపోయి ప్రాణం కూడా పోవచ్చు.

ఎండ విషయం. కుక్కకి మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతూ వేడిని బయటికి పంపాలి, దానికి నీళ్లు కావాలి. మామూలుగా దాని ఒంటి వేడి 38, 39 డిగ్రీల మధ్య ఉంటుంది, 41 దాటిందంటే ప్రాణాపాయమే. చొంగ జిగటగా కారడం, నాలుక ముదురు ఎరుపుకి తిరగడం, తూలడం కనబడితే ఎవరి పర్మిషన్ కోసమూ చూడకుండా పెద్దాయన్ని కేకేసి నీడకి తెప్పించండి, ఒంటి మీద మామూలు నీళ్లు పోసి గాలి తగలనివ్వండి, వెంటనే డాక్టర్ దగ్గరికి.

ఇంకో మాట, మీ అంతట మీరు గోడ దూకి గొలుసు విప్పొద్దు. ఏళ్లుగా కట్టేసి ఉన్న కుక్క భయంతో కరుస్తుంది, కరిచిందంటే అది పిచ్చిది అని ముద్ర వేసి ఎక్కడో వదిలేస్తారు. వీధుల్లో పెంపుడు జాతుల కుక్కలు కనబడుతున్నాయంటే చాలావరకు ఇలా వదిలేసినవే. వదిలేయడం కూడా అదే సెక్షన్ 11 కింద నేరం. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబుని కుక్కలు చంపినప్పుడు అందరం వణికిపోయాం. కుక్కల బెడద అనేవాళ్ల భయం నిజమైనదే, కానీ పెంచుకున్నవాళ్లు నడివీధిలో వదిలేయడం ఆగకపోతే ఆ భయం తగ్గదు.

షెల్టర్ల మీద మరీ ఆశ పెట్టుకోకండి. హైదరాబాద్‌లో బ్లూ క్రాస్, విశాఖలో వీఎస్‌పీసీఏ లాంటివి ఏళ్లుగా పనిచేస్తున్నాయి, కానీ యజమాని బతికే ఉన్న కుక్క కంటే దెబ్బలు తగిలి రోడ్డు మీద పడున్నదానికే ఎవరైనా ముందు చోటిస్తారు. పెద్దాయన ఒప్పుకుంటే ఇంకో ఇల్లు చూడటం మేలు, ఐదేళ్ల లాబ్రడార్‌ని తీసుకునేవాళ్లు దొరుకుతారు. నట్టల మందు, రేబీస్ టీకా వేయించి, ఒక కాగితం రాసుకుని ఇవ్వండి.

జవాబు: బెజవాడ_వాసి

అందరికీ థాంక్స్ అండీ. రైతు గారు చెప్పినట్టే మా వీధి చివర రిటైర్డ్ మాస్టారిని వెంటబెట్టుకుని వెళ్లాను, పెద్దాయనకి ఆయనంటే గౌరవం. మొదట ముఖం మాడ్చుకున్నారు, మా ఇంటి సంగతి మీకెందుకు అన్నారు. మాస్టారు ఏమీ అనకుండా "పైకి వెళ్లి చూద్దాం రండి" అని చేయి పట్టుకుని మెట్లెక్కించారు. పట్టీ నిజంగానే మెడలో దిగి ఉంది, ఒకవైపు బొచ్చు ఊడి పచ్చిగా ఉంది. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అక్కడి నుంచే కొడుక్కి వీడియో కాల్ చేశారు, అతను చూసి ఏడ్చేశాడు, పంపిస్తున్న డబ్బులు దాని తిండికి సరిపోతున్నాయనే అనుకుంటున్నాడట. నాకు అతని మీద కోపం పోలేదు, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా దాన్ని చూపించమని అడగలేదంటే ఏమనుకోవాలి?

డాక్టర్ని ఇంటికే పిలిపించి మత్తిచ్చి పట్టీ కోయించాం. ప్రస్తుతం కింద వరండాలో ఉంది, సాయంత్రం మా తమ్ముడు తిప్పుతున్నాడు. కేసు ఆపాను, ఫొటోలు మాత్రం తేదీలతో సహా దాచాను. కొడుకు కూడా వేరే ఇంటికి ఇచ్చేయడానికి ఒప్పుకున్నాడు. గుంటూరు నుంచి ఒక కుటుంబం అడుగుతోంది, వాళ్లింట్లో ఇప్పటికే ఒక ఆడకుక్క ఉందట. ఇది ఇన్నేళ్లుగా వేరే కుక్కని దగ్గర నుంచి చూడలేదు, ఇవ్వొచ్చా కడప గారూ?

జవాబు: పశువైద్యం_కడప

ఇవ్వొచ్చు, ఇప్పుడే కాదు. పుండు పూర్తిగా మానేదాకా మెడకి ఏదీ కట్టొద్దు, తిప్పడానికి ఛాతీ చుట్టూ వేసే బెల్టు వాడండి. మీది మగదైతే సంతానం కలగకుండా ఆపరేషన్ చేయించి ఇవ్వండి, లేకపోతే ఆ ఇంట్లో పిల్లలు పుట్టి వాటికి మళ్లీ ఇళ్లు వెతకాలి. మొదటిసారి రెండింటినీ ఇంట్లో కాకుండా బయట ఖాళీ స్థలంలో, ఇద్దరు మనుషులు చెరొకదాన్ని పట్టుకుని పక్కపక్కన నడిపించాలి. తిండి గిన్నెలు కొన్నాళ్లు వేర్వేరు గదుల్లో పెట్టమనండి. ఇచ్చాక నెలకోసారి వెళ్లి చూసొస్తామని ఆ కాగితంలోనే రాయించుకోండి, నిజంగా పెంచుకునేవాళ్లు దానికి అభ్యంతరం చెప్పరు.