గుమ్మానికి తల, గడపకి కాలు

ప్రశ్న: ద్వారబంధంలో కింది చెక్క గడప, సరే. మిగతా మూడింటికీ పేర్లున్నాయా? అసలు గుమ్మం, గడప ఒకటేనా? ఒక అనువాదంలో ‘తలుపు చట్రపు నిలువు భాగం’ అని రాశాను. తిరిగి చదివితే నాకే నవ్వొచ్చింది.

జవాబు: ఒకటి కాదండీ. దెబ్బ ఎక్కడ తగిలిందో చూస్తే తేలిపోతుంది. వంగకుండా వెళ్తే తలకి తగిలేది గుమ్మం, చూసుకోకుండా వెళ్తే కాలి బొటనవేలికి తగిలేది గడప. మనిషి దూరే ఖాళీ, దాని చుట్టూ ఉన్న చట్రం అంతా కలిపి గుమ్మం. అందుకే గుమ్మంలో నిలబడతాం, గడప మీద కూర్చుంటాం. ‘గడపలో నిలబడ్డాడు’ అని మామూలుగా అనరు.

లెక్కపెట్టడంలోనూ తేడా ఉంది. ఊరికి నూరు గడపలు అంటే నూరు ఇళ్ళు. ఇంటికి ఆరు గుమ్మాలు అంటే ఒకే ఇంట్లో ఆరు దారులు. నాకైతే ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

ఇక మిగతా మూడు చెక్కలు. సంస్కృతంలో పైదాన్ని ఉత్తరంగం అంటారు, పక్కవాటిని ద్వారశాఖలు అంటారు. గుడి ద్వారానికి పక్కన చెక్కిన పట్టీల లెక్కను బట్టి త్రిశాఖ, పంచశాఖ, సప్తశాఖ అనడం అందుకే. అమరకోశం పురవర్గంలో ఇంకో జత ఉంది: కింది చెక్క శిల, పై చెక్క నాస. చెక్కని పట్టుకుని రాయి అనడం, ముక్కు అనడం! గడపకేమో దేహళి అని వేరే మాట. దేహళీదీపన్యాయం అందులోంచే వచ్చింది. గడప మీద పెట్టిన దీపం లోపలికీ బయటికీ వెలుగిచ్చినట్టు, మధ్యలో ఉన్న మాట రెండు పక్కలా అన్వయించడం. ‘అన్న వచ్చాడు, తమ్ముడు కూడా’ అన్నప్పుడు ఆ ‘వచ్చాడు’ చేసే పని అదే.

మరొకరు: మా వైపు ‘గుమ్మం తట్టుకుని పడ్డాడు’ అనే అంటారు. తప్పంటారా? పైగా తెలంగాణలో చట్రాన్నే దర్వాజ అంటారు, గడపని కడప అంటారు.

జవాబు: తప్పనను. ‘మీ గుమ్మం తొక్కను’, ‘మీ గడప తొక్కను’ రెండూ వాడుకలో ఉన్నవే. కాలు పెట్టేది గడప మీదే కాబట్టి మొత్తం పేరు భాగానికి జారింది. దర్వాజ సంగతి దీనికి తిరగబడ్డ కథ. పారసీలో తలుపుకీ ద్వారానికీ ఉన్న మాట మన దగ్గర చట్రానికి స్థిరపడింది, తలుపు తలుపుగానే మిగిలింది. చౌకట్టు కూడా ఉందిగా. చౌ అంటే నాలుగు. ఇప్పుడు లోపలి గదులకి గడప తీసేసి మూడు చెక్కలతోనే బిగిస్తున్నారు. అయినా అది చౌకట్టే!

ఇక మొదట అడిగినవారికి: మీ అనువాదానికి మాత్రం శాఖలూ నాసలూ వద్దు. ఆ వాక్యంలో మనిషి ఆనుకుని నిలబడి ఉంటే ‘ద్వారబంధానికి ఆనుకుని’ చాలు. ఏ చెక్కకి ఆనుకున్నాడో చదివేవాళ్ళకి తెలుసు, పై చెక్కకి ఎవరూ ఆనుకోలేరు కదా.