లీసా సూ కెరీర్‌లో అసలు మలుపు ఏది? ఇంజనీర్లు చెప్పండి

లేఅవుట్‌మనిషి (ప్రశ్న)

చిప్ డిజైన్‌లో పని చేస్తున్నాను. మేనేజర్‌గా వెళ్తారా, టెక్నికల్‌గానే ఉంటారా తేల్చుకోమని ఆఫీసులో అడుగుతున్నారు. మేనేజర్ అయితే చేతిలో పని పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఎవరిని అడిగినా చిప్‌ల కంపెనీ ఏఎండీ సీఈఓ లీసా సూని చూడు అంటారు. ఎంఐటీలో పీహెచ్‌డీ చేసి, ల్యాబ్‌లో మొదలైన మనిషి, మూడు డాలర్ల షేరున్న కంపెనీని చేతిలోకి తీసుకుని నిలబెట్టారు, నిజమే. కానీ అంతా మార్చేసిన ఆ ఒక్క నిర్ణయం ఏది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి.

పాతమదర్‌బోర్డు

జెన్ అనే కొత్త ప్రాసెసర్ డిజైన్. ఇంకేముంది? 2017 మార్చిలో దాంతో చేసిన రైజెన్ చిప్‌లు వచ్చాయి, కథ మారింది. అయినా ఆ డిజైన్ ఘనత ఏఎండీ ఇంజనీర్లైన జిమ్ కెల్లర్‌ది, మైక్ క్లార్క్‌ది. సీఈఓకి ఎక్కువ పేరు వచ్చిందని నా అభిప్రాయం.

వెరిఫికేషన్‌రాత్రులు

ఒక్క నిర్ణయం కోసం వెతికితే దొరకదండీ. నేను వెరిఫికేషన్‌లో, అంటే డిజైన్‌లో తప్పులు పట్టే పనిలో ఉన్నాను, ఆవిడ గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాను. అందరూ ఆవిడ సీఈఓ అయిన 2014 నుంచి మొదలుపెడతారు, నాకైతే ముందు రాగి గురించి చెప్పాలనిపిస్తుంది.

ఆవిడ 1995లో ఐబీఎంలో చేరారు. చిప్ లోపల ట్రాన్సిస్టర్లను కలిపే సన్నని తీగలు అప్పట్లో అల్యూమినియంవి. రాగి అయితే కరెంటు ఇంకా తేలిగ్గా పోతుందని అందరికీ తెలుసు. చిక్కు ఏమిటంటే రాగి ఉన్నచోట ఉండదు, మెల్లగా సిలికాన్‌లోకి పాకిపోయి ట్రాన్సిస్టర్‌ని పాడు చేస్తుంది. ఫ్యాబ్‌లో, అంటే చిప్‌ల ఫ్యాక్టరీలో, దాన్ని విషంలా చూసేవాళ్లు. తీగ చుట్టూ పలుచని అడ్డుపొర వేసి రాగిని అందులోనే ఆపాలి, అదీ వేలకొద్దీ వేఫర్ల (చిప్‌లు తయారయ్యే సిలికాన్ పలకల) మీద ఒకేలా రావాలి. ఐబీఎం ఈ పద్ధతిని 1997లో ప్రకటించింది, 1998లో చిప్‌లు బయటికొచ్చాయి. ఆ పని చేసినవాళ్లలో ఆవిడ ఒకరు. ఆవిడ పీహెచ్‌డీ మాత్రం సిలికాన్-ఆన్-ఇన్సులేటర్ (కరెంటు పోనివ్వని పొర మీద సిలికాన్ ఉండే) ట్రాన్సిస్టర్ల మీద. అంటే తన సబ్జెక్టు పట్టుకుని కూర్చోకుండా, చిక్కు ఎక్కడుంటే అక్కడికి వెళ్లారన్నమాట. నా దృష్టిలో మొదటి మలుపు ఇదే.

రెండోది 2000లో. ఐబీఎం సీఈఓ లూ గెర్స్‌నర్‌కి ఒక ఏడాది టెక్నికల్ అసిస్టెంట్‌గా ఉన్నారు. గెర్స్‌నర్ చిప్ మనిషి కాదు, సిగరెట్లూ బిస్కెట్లూ అమ్మే కంపెనీ నుంచి వచ్చారు. అలాంటి మనిషి పక్కన కూర్చుని, ఒక వ్యాపారాన్ని ఎందుకు ఉంచుతారో, ఎందుకు వదులుకుంటారో దగ్గర్నుంచి చూసే అవకాశం ఎంతమంది ఇంజనీర్లకు వస్తుంది? తర్వాత 2007లో ఫ్రీస్కేల్ అనే చిప్ కంపెనీకి సీటీఓగా (టెక్నాలజీ అధిపతిగా), 2012 జనవరిలో ఏఎండీకి.

ఇక పాతమదర్‌బోర్డు గారి మాట. కెల్లర్ ఏఎండీకి తిరిగొచ్చింది 2012 ఆగస్టులో, సూ సీఈఓ అయింది 2014 అక్టోబర్‌లో. జెన్ ఆవిడ మొదలుపెట్టింది కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆవిడ కుర్చీలో కూర్చున్నాక ఏం జరిగిందో చూడండి. కొద్ది రోజుల్లోనే ఏడు శాతం మందిని తీసేశారు. అందులో ఉద్యోగం పోయినవాళ్లు ఉన్నారు, విజయగాథలు రాసేవాళ్లు ఆ ముక్క వదిలేస్తారు, అది నాకు నచ్చదు. 2015లో నష్టం 66 కోట్ల డాలర్లు, షేరు రెండు డాలర్ల కిందికి పడింది. 2016లోనూ దాదాపు 50 కోట్ల నష్టం. చేతిలో అమ్మకానికి గట్టి ప్రాసెసర్ లేదు. ప్లేస్టేషన్ 4కీ ఎక్స్‌బాక్స్ వన్‌కీ ఇస్తున్న చిప్‌లే కాస్త ఊపిరి. అలాంటప్పుడు 2017 దాకా రూపాయి తెచ్చిపెట్టని డిజైన్ మీద కోత పెట్టమని ఒత్తిడి రాకుండా ఉంటుందా? 2012లో 33.4 కోట్ల డాలర్లు పెట్టి కొన్న సీమైక్రో అనే సర్వర్ కంపెనీని 2015లో మూసేశారు. ఏఆర్‌ఎమ్ (ఫోన్ చిప్‌లలో వాడే రకం డిజైన్) ఆధారంగా అనుకున్న కే12 ప్రాసెసర్‌ని పక్కన పెట్టారు. జెన్‌ని మాత్రం నిలబెట్టారు. చిప్‌లోని గడియారం ఒక్కసారి కొట్టేలోపు చేసే పని 40 శాతం పెరగాలని లక్ష్యం పెట్టుకుంటే, 52 శాతం వచ్చింది. కెల్లర్ 2015 సెప్టెంబర్‌లోనే వెళ్లిపోయారు, అది గుర్తుంచుకోండి. ఆయన లేకుండానే టీమ్ దాన్ని బయటికి తెచ్చింది.

ఫ్యాబ్‌పక్కన

పోటీదారు ఇంటెల్ 10 నానోమీటర్ల తయారీలో (ఈ అంకె ఎంత చిన్నదైతే అంత కొత్త పద్ధతి) ఏళ్ల తరబడి ఇరుక్కోకపోతే ఇదంతా ఉండేదా? అదృష్టం సంగతి కూడా రాయండి మరి.

వెరిఫికేషన్‌రాత్రులు

కలిసొచ్చింది, కాదనను. కానీ కలిసొచ్చేనాటికి అమ్మడానికి సరుకు ఉండాలి కదా. 2019లో వచ్చిన రోమ్ సర్వర్ చిప్ మూత తీసిన ఫోటో ఒకటి చూడండి, ఎప్పుడు చూసినా నాకు ముచ్చటేస్తుంది. మధ్యలో ఒక పెద్ద ముక్క, దాని అటూ ఇటూ ఎనిమిది చిన్న ముక్కలు. చిన్నవి తైవాన్ చిప్ తయారీ కంపెనీ టీఎస్‌ఎంసీలో 7 నానోమీటర్లలో చేసినవి, ఒక్కోదాంట్లో ఎనిమిది కోర్లు (లెక్కలు చేసే భాగాలు). మెమరీతోనూ బయటి పరికరాలతోనూ మాట్లాడే పెద్ద ముక్కకి అంత ఖరీదైన ప్రాసెస్ అక్కర్లేదు, అందుకే పాత 14 నానోమీటర్లలోనే చేశారు. వేఫర్ మీద ఎక్కడో ఒక లోపం వస్తే పోయేది చిన్న ముక్కే, పెద్ద చిప్ మొత్తం కాదు. డబ్బు తక్కువగా ఉన్న కంపెనీ 64 కోర్లు ఇవ్వగలిగింది ఇలాగే. 2018 ఆగస్టులో ఏఎండీకి చిప్‌లు తయారుచేసే గ్లోబల్‌ఫౌండ్రీస్ 7 నానోమీటర్ల పని ఆపేసినప్పుడు కూడా ఏఎండీ ఆగిపోలేదు.

లేఅవుట్‌మనిషి

చాలా థాంక్స్ అండీ. రాగి సంగతి నాకు అస్సలు తెలియదు. మరి నా విషయంలో ఏమంటారు?

వెరిఫికేషన్‌రాత్రులు

మీకిచ్చే పోస్టు ఎలాంటిదో ముందు కనుక్కోండి. డిజైన్ రివ్యూల్లో మీరు కూర్చుంటారా, ఏ ప్రాజెక్టు ఆపాలో చెప్పే చోట మీ మాట అడుగుతారా, లేక సెలవులూ అప్రైజల్సూ చూసుకోవడమేనా? మొదటి రకమైతే నేనైతే వెళ్లమంటాను. రెండోదైతే వద్దు, మరో ఏడాది ఆగి, టీమ్‌లో ఎవరూ ముట్టుకోని చిక్కు బ్లాక్ ఏదైనా ఉంటే అడిగి తీసుకోండి. మీ దగ్గర అలాంటిది ఉందా?

లేఅవుట్‌మనిషి

ఉంది. క్లాక్ ట్రీ (చిప్ అంతటికీ గడియారం సిగ్నల్ పంచే తీగల అల్లిక) దగ్గర ఒకటి ఎప్పటినుంచో పడుంది. సోమవారం అడుగుతాను.