పాత ల్యాప్‌టాప్‌లో ఇంటెల్ + రేడియాన్: రెండో కార్డు ఆఫ్ అవ్వట్లేదు, ఫ్యాను ఆగట్లేదు

నల్లతెర:

అందరికీ నమస్కారం. నాది 2011 నాటి ల్యాప్‌టాప్. రెండో తరం కోర్ ఐ5, అందులోనే ఇంటెల్ హెచ్‌డీ 3000 గ్రాఫిక్స్. దానికి తోడు రేడియాన్ హెచ్‌డీ 6470ఎం అనే విడి గ్రాఫిక్స్ కార్డు. విండోస్ తీసేసి డెబియన్ 12 అనే లినక్స్ వేశాను. పని బాగానే జరుగుతోంది కానీ ఫ్యాను మాత్రం ఆగిందే లేదు. ఏమీ తెరవకుండా ఊరికే వదిలేసినా అడుగున ఎడమవైపు చెయ్యి పెట్టలేనంత వేడి. బ్యాటరీ చూస్తుండగానే దిగిపోతోంది.

రేడియాన్ పనేమీ లేకపోయినా కరెంటు తాగుతోందని అర్థమైంది. వీజీఏ స్విచరూ (రెండు కార్డుల మధ్య మార్చే లినక్స్ సదుపాయం) అనే ఫోల్డర్‌లో స్విచ్ ఫైలు ఉంటుందని, దాంట్లో ఆఫ్ అని రాస్తే చాలని చదివాను. సుడో (అడ్మిన్ హక్కులిచ్చే కమాండ్) పెట్టి ఎకో (ఇచ్చిన మాటని రాసే కమాండ్) కొడితే ‘పర్మిషన్ డినైడ్’ అంటోంది. సుడో ఉన్నాక కూడా పర్మిషన్ లేకపోవడమేంటి? పోనీ అని రూట్‌గా (పూర్తి అడ్మిన్‌గా) వెళ్లి చూస్తే అసలు ఆ ఫోల్డరే లేదు.

ఇన్‌స్టాల్ అయ్యాక మొదటిసారి బూట్ అయినప్పుడు స్క్రీన్ నల్లగా ఉండిపోతే గ్రబ్‌లో (లినక్స్‌ని బూట్ చేసే ప్రోగ్రామ్) నోమోడ్‌సెట్ అనే ఆప్షన్ చేర్చాను. అది తప్ప ఇంకేమీ ముట్టుకోలేదు. మామూలు పనికి ఇంటెల్‌కి, ఎప్పుడైనా ఆట ఆడాలంటే రేడియాన్‌కి మారాలి. ఎలా?

పాతకట్టె:

ముందు ఆ నోమోడ్‌సెట్ పీకేయండి. మీ కష్టాల్లో సగం దానివే.

నోమోడ్‌సెట్ అంటే ‘గ్రాఫిక్స్ జోలికి పోవద్దు’ అని కెర్నెల్‌కి, అంటే లినక్స్ గుండెకాయకి, చెప్పడం. అది ఉంటే ఇంటెల్ డ్రైవరూ పనిచేయదు, రేడియాన్ డ్రైవరూ పనిచేయదు. రెండూ లేకపోతే వీజీఏ స్విచరూ ఫోల్డర్ పుట్టదు. బయోస్ బూట్ అయ్యేటప్పుడు రేడియాన్‌ని ఆన్ చేసి వదిలేస్తుంది, దాన్ని నిద్రపుచ్చాల్సింది డ్రైవరే. డ్రైవరే లేదు కాబట్టి అది అలా వెలుగుతూనే ఉంటుంది. పైగా తెరమీద బొమ్మంతా ప్రాసెసరే గీయాలి. ఇంక ఫ్యాను తిరక్క ఏం చేస్తుంది! ఇన్‌స్టాల్ గండం గట్టెక్కడానికి పెట్టే ఆప్షన్‌ని శాశ్వతంగా ఉంచేయమని సలహా ఇచ్చేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

స్క్రీన్ నల్లబడటానికి రేడియాన్ ఫర్మ్‌వేర్ (కార్డు పనిచేయడానికి డ్రైవర్ దాంట్లోకి ఎక్కించే కోడ్) లేకపోవడం కారణం కావచ్చు. ‘ఫర్మ్‌వేర్ ఏఎండీ గ్రాఫిక్స్’ అనే ప్యాకేజీ ఉందో లేదో చూసుకుని, లేకపోతే వేసుకోండి. తర్వాత ఈటీసీలో డిఫాల్ట్ ఫోల్డర్‌లో ఉన్న గ్రబ్ ఫైల్లోంచి ఆ మాట తీసేసి, అప్‌డేట్ గ్రబ్ కొట్టి రీబూట్ చేయండి. నిజంగా పోయిందో లేదో ప్రాక్ కింద సీఎండీలైన్ ఫైలు చూస్తే తెలుస్తుంది.

సుడో సంగతి: ఎకోకి మాత్రమే సుడో వర్తిస్తుంది. బాణం గుర్తు పెట్టి ఫైల్లో రాసే పని మీ మామూలు షెల్‌ది, దానికి ఆ ఫోల్డర్‌లోకి ప్రవేశమే లేదు. ఎకోని పైపు ద్వారా సుడో పెట్టిన టీ అనే కమాండ్‌కి పంపితే రాస్తుంది. కానీ మీకిప్పుడు ఆ అవసరమే లేదు.

ఎందుకంటే మీ ల్యాప్‌టాప్‌లో ‘మారడం’ అనేదే ఉండదు. 2008-2010 ప్రాంతంలో వచ్చిన కొన్నిటిలో మక్స్ అనే చిప్పు ఉండేది. అది స్క్రీన్ తీగని ఓసారి ఈ కార్డుకి, ఓసారి ఆ కార్డుకి కలిపేది. వీజీఏ స్విచరూ 2010లో కెర్నెల్ 2.6.34తో వచ్చింది, మీరు చదివిన చిట్కాలు ఆ రోజులవే. మీ తరం వాటిలో చాలావాటికి మక్స్ ఉండదు. స్క్రీన్ తీగ శాశ్వతంగా ఇంటెల్‌కే. రేడియాన్ బొమ్మ గీసి ఇంటెల్‌కి అందిస్తుంది, తెరమీద చూపించేది మాత్రం ఇంటెలే. వంట లోపల ఎవరు చేసినా వడ్డించేది ఒకరే అన్నట్టు. అందుకని పొరపాటున కూడా ఆ స్విచ్ ఫైల్లో డీఐఎస్ (విడి కార్డు, అంటే రేడియాన్) అని రాయకండి, తెర నల్లబడి కూర్చునే ప్రమాదం ఉంది.

కెర్నెల్ 3.13 నుంచి రేడియాన్ డ్రైవర్ తనంతట తనే కార్డుని ఆపేస్తుంది. 5 సెకన్లు పనేమీ లేకపోతే నిద్ర. రీబూట్ అయ్యాక స్విచ్ ఫైల్ని రూట్‌గా క్యాట్ (ఫైల్లో ఉన్నది చూపించే కమాండ్) కొట్టి చూడండి. డీఐఎస్ లైన్లో ‘డైన్‌ఆఫ్’ అని ఉంటే పడుకున్నట్టు, ‘డైన్‌పవర్’ అని ఉంటే మేలుకుని ఉన్నట్టు. ఈ పద్ధతి నడుస్తున్నప్పుడు మీరు చేత్తో ఆన్, ఆఫ్ రాసినా కెర్నెల్ పట్టించుకోదు.

ఆటకి రేడియాన్ కావాలంటే ఆ ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టేటప్పుడు ముందు డీఆర్ఐ అండర్‌స్కోర్ ప్రైమ్ ఈక్వల్స్ 1 అని చేర్చండి (అంతా క్యాపిటల్స్‌లో). ఆ ఒక్క ప్రోగ్రామే రేడియాన్ మీద నడుస్తుంది, మిగతావన్నీ ఇంటెల్ మీదే.

అర్ధరాత్రి కంపైలర్:

పాతకట్టె గారు చెప్పింది రేడియాన్ వరకు సరిపోతుంది. ఇదే కాలపు ఎన్విడియా ఉన్నవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఒక మాట. ఫెర్మీ తరం ఎన్విడియా కార్డులకి కంపెనీ సొంత డ్రైవర్ 390తోనే ఆఖరు, దానికి 2022 చివరితో సపోర్ట్ ఆగిపోయింది. అంతకన్నా పాతవాటికి 340, అది 2019తోనే ముగిసింది. కొత్త కెర్నెల్ వచ్చినప్పుడల్లా ప్యాచ్‌ల కోసం వెతుక్కునే ఓపిక ఉంటేనే వాటి జోలికి వెళ్లండి. బంబుల్‌బీ (రెండో కార్డుని వాడుకునే పాత పద్ధతి) గురించి ఎక్కడ చదివినా పక్కన పెట్టేయండి. నువో (లినక్స్‌తో వచ్చే ఓపెన్ సోర్స్ ఎన్విడియా డ్రైవర్) ఉంచేసుకుంటే కార్డు దానంతట అదే ఆగుతుంది, పైన చెప్పిన ప్రైమ్ పద్ధతీ పనిచేస్తుంది. కాకపోతే ఫెర్మీలో నువో క్లాక్ స్పీడు పెంచలేదు కాబట్టి ఆటలు నత్తనడకే.

నల్లతెర:

చాలా థ్యాంక్స్ అండీ. ఫర్మ్‌వేర్ ప్యాకేజీ నిజంగానే లేదు. అది వేసి నోమోడ్‌సెట్ తీసేస్తే చక్కగా బూట్ అయింది, స్క్రీన్ బ్రైట్‌నెస్ మీటలు కూడా పనిచేస్తున్నాయి! వేడి కాస్త తగ్గింది. కానీ ఎప్పుడు చూసినా డైన్‌పవర్ అనే ఉంటోంది, డైన్‌ఆఫ్ రావట్లేదు.

ఇంకో అనుమానం. ఎల్ఎస్‌పీసీఐలో (పరికరాల జాబితా చూపించే కమాండ్) కార్డు పేరు ‘సేమోర్’ అని ఉంది, ప్రైమ్ పెట్టి జీఎల్ఎక్స్ ఇన్ఫో (బొమ్మ ఏ కార్డు గీస్తోందో చెప్పే కమాండ్) చూస్తే ‘కైకోస్’ అంటోంది. తప్పు డ్రైవర్ పడిందా?

పాతకట్టె:

పేర్ల గురించి టెన్షన్ వద్దు. సేమోర్ అనేది ల్యాప్‌టాప్ చిప్పు పేరు, డ్రైవర్ దాన్ని కైకోస్ కుటుంబం కింద లెక్కేస్తుంది. రెండూ ఒకటే.

పడుకోవట్లేదంటే ఎవరో తట్టి లేపుతున్నారు. రెండు చోట్ల చూడండి. స్విచ్ ఫైల్లోనే ‘డీఐఎస్ ఆడియో’ అని ఇంకో లైన్ ఉంటే అది రేడియాన్‌లోని హెచ్‌డీఎంఐ సౌండు. అది మేలుకుని ఉంటే కార్డునీ పడుకోనివ్వదు. ఆ పరికరం పవర్ కంట్రోల్ ‘ఆన్’ అని ఉంటే ‘ఆటో’కి మార్చండి.

రెండోది, నాకు ఎక్కువ అనుమానం ఉన్నది. సిస్టమ్ వివరాలు చూపించే కాంకీలాంటి ప్రోగ్రామ్ ఏదైనా డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నారా? ఎల్ఎస్‌పీసీఐ నడిపిన ప్రతిసారీ పడుకున్న కార్డు లేస్తుంది. దాన్ని మూడు నాలుగు సెకన్లకోసారి పిలిచే స్క్రిప్టు ఉంటే 5 సెకన్ల నిశ్శబ్దం ఎప్పటికీ దొరకదు. అందుకే చెక్ చేసేటప్పుడు కూడా ఎల్ఎస్‌పీసీఐ వాడకుండా స్విచ్ ఫైలే చూడండి.

నల్లతెర:

కాంకీనే! నెట్‌లో దొరికిన థీమ్, అందులో కార్డు పేరు చూపించే లైన్ ఒకటి ఉంది, 2 సెకన్లకోసారి ఎల్ఎస్‌పీసీఐ నడుపుతోంది. ఆ లైన్ తీసేసి క్యాట్ కొడితే డైన్‌ఆఫ్. పవర్‌టాప్‌లో (కరెంటు వాడకం చూపించే ప్రోగ్రామ్) 24 వాట్ల దగ్గర ఉండేది ఇప్పుడు 13, 14 చూపిస్తోంది. సూపర్‌టక్స్‌కార్ట్ అనే ఆట ప్రైమ్‌తో పెట్టి ఆడాను, మూసేసిన కాసేపటికి కార్డు మళ్లీ పడుకుంది. సస్పెండ్ ఇంకా పరీక్షించలేదు.

పాతకట్టె:

సస్పెండ్‌లోంచి లేచేటప్పుడు గానీ, కార్డు నిద్ర లేచేటప్పుడు గానీ సిస్టమ్ బిగుసుకుపోతే గ్రబ్ లైన్లో రేడియాన్ చుక్క రన్‌పీఎం ఈక్వల్స్ 0 పెట్టి చూడండి. దాంతో కార్డు ఎప్పుడూ మేలుకునే ఉంటుంది, అంటే మళ్లీ ఫ్యాను గోల. కాబట్టి సమస్య వస్తేనే పెట్టండి. పెట్టాక కూడా బిగుసుకుపోతే తప్పు వేరే చోట ఉన్నట్టు. అప్పుడు డీమెసేజ్ (కెర్నెల్ సందేశాలు చూపించే కమాండ్) ఆఖరి లైన్లు ఇక్కడ పెట్టండి, చూద్దాం.