పాత వీహెచ్‌ఎస్ క్యాసెట్లను డీవీడీలుగా మార్చేటప్పుడు ధ్వనిలో వస్తున్న ఇబ్బందులు

ప్రశ్న:
నమస్కారం. ఇంట్లో ఉన్న పాత వీహెచ్‌ఎస్ క్యాసెట్లను వీసీఆర్ నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించి డీవీడీలుగా రాస్తున్నాను. బొమ్మను యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం ద్వారా, ధ్వనిని కంప్యూటర్ లైన్ ఇన్ ద్వారా తీసుకుంటున్నాను. బొమ్మ గురించి నాకు ఫిర్యాదు లేదు, చిక్కంతా ధ్వనితోనే. మొదట్లో పెదవుల కదలికకూ మాటకూ పొంతన కుదురుతోంది కానీ, గంట గడిచేసరికి మనిషి నోరు మూసిన తరువాత మాట వినిపిస్తోంది. ఒక క్యాసెట్టులో ధ్వని ఉన్నట్టుండి చిటపటలాడి, కాసేపు మందంగా మారి, మళ్లీ తేటపడుతోంది. క్యామ్‌కార్డర్‌తో తీసిన వాటిలో ఎడమ స్పీకరు మాత్రమే పలుకుతోంది. వీటన్నిటి వెనకా జుమ్మనే రొద ఒకటి ఉంది. క్యాసెట్లే పాడయ్యాయా, లేక లోపం నా పరికరాల్లో ఉందా? ఇప్పటికే ఎక్కించిన ఫైళ్లను సరిదిద్దవచ్చా?

మొదటి సమాధానం:
మీరు చెప్పిన నాలుగింటికీ కారణాలు వేరు కాబట్టి విడివిడిగానే చూడాలి. అన్నిటికంటే చిక్కైన మాట వెనకబడటం గురించి మాత్రం నేను రాస్తాను.

దీనికి సాధారణంగా రెండు కారణాలుంటాయి. పాత టేపు నుంచి వచ్చే వీడియో సంకేతం నిలకడగా ఉండదు. అది తడబడిన చోట క్యాప్చర్ పరికరం కొన్ని ఫ్రేములను వదిలేస్తుంది. మన దేశపు వీసీఆర్లు వాడే పాల్ వీడియో పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు (విడి బొమ్మలు) కనుక, ఒక్కో ఫ్రేము పోయినప్పుడల్లా బొమ్మ 40 మిల్లీసెకన్లు కురచవుతుంది, ధ్వని మాత్రం పూర్తి నిడివితోనే ఉంటుంది. ఆ లెక్కన 25 ఫ్రేములు పోయేసరికి మాట ఒక సెకను వెనకబడుతుంది. రెండో కారణం, బొమ్మను ఒక పరికరమూ ధ్వనిని మరో పరికరమూ తీసుకోవడం. ఆ రెండింటి లోపలి గడియారాల మధ్య 0.01 శాతం తేడా ఉన్నా గంటకు 0.36 సెకను తేడా తేలుతుంది.

మీది ఏ కారణమో తెలుసుకోవడానికి ఫైలును పది నిమిషాలకొకచోట ఆపి, తలుపు మూయడమో చప్పట్లు కొట్టడమో కనిపించే దృశ్యాన్ని పట్టుకుని తేడాను కొలవండి. తేడా ఒకే వేగంతో పెరుగుతుంటే గడియారాల తేడా. కొంతసేపు మారకుండా ఉండి ఒక్కసారిగా పెరిగితే ఫ్రేములు పోయినట్టు. మొదటి రకమైతే ఆడాసిటీ అనే ధ్వని సవరణ సాఫ్ట్‌వేరులో శ్రుతి మారకుండా నిడివిని మాత్రమే కుదించవచ్చు. గంటకు ఒక సెకను తేడా అంటే సుమారు 0.028 శాతం మార్పు, చెవికి తెలియనే తెలియదు. రెండో రకానికి ఈ వైద్యం పనిచేయదు. నిడివిని అంతటా సమంగా కుదిస్తే మధ్యలో పొంతన కుదరదు కాబట్టి ప్రతి గెంతు దగ్గరా కోసి సరిపెట్టాలి. దానికంటే వీసీఆర్‌కూ క్యాప్చర్ పరికరానికీ మధ్య వీడియో సంకేతాన్ని నిలకడ చేసే టైమ్ బేస్ కరెక్టర్ అనే పరికరం పెట్టి క్యాసెట్టును మళ్లీ ఎక్కించడమే తక్కువ శ్రమ.

రెండో సమాధానం:
చిటపటల క్యాసెట్టు హైఫై వీసీఆర్‌తో రికార్డు చేసినది అయ్యుంటుంది. వీహెచ్‌ఎస్ టేపు అంచున సాధారణ ధ్వని ట్రాకు ఒకటి ఉంటుంది. దాన్ని కదలని హెడ్డు చదువుతుంది. హైఫై ధ్వనిని మాత్రం బొమ్మతో పాటు తిరిగే డ్రమ్ము మీది హెడ్లు చదువుతాయి. ఆ సంకేతం బలహీనపడినప్పుడు వీసీఆర్ తనంతట తానే అంచు ట్రాకుకు మారి, బలం రాగానే తిరిగి వస్తుంది. మీరు మందమన్నది అంచు ట్రాకును, చిటపట అన్నది ఆ మారే క్షణాన్ని.

హెడ్లను టేపు మీది ట్రాకులకు సరిపెట్టే స్వయంచాలక ట్రాకింగ్‌ను ఆపి, బొమ్మను కాకుండా ధ్వనిని గమనిస్తూ చేత్తో సవరించండి. బొమ్మ అందంగా ఉండే స్థానమూ హైఫై నిలకడగా ఉండే స్థానమూ తరచూ ఒకటి కావు. అప్పటికీ కుదరకపోతే వీసీఆర్ ఆడియో ఎంపికను నార్మల్‌కు మార్చి అంచు ట్రాకునే తీసుకోండి. అది సుమారు 10,000 హెర్ట్జ్ దాకానే పలుకుతుంది కానీ, మాటలకు అది చాలు. రెండు ధ్వనులనూ కలిపి ఇచ్చే మిక్స్ స్థానం జోలికి వెళ్లకండి.

ఎడమ స్పీకరు సంగతికొస్తే, అది మోనో రికార్డింగు. సాఫ్ట్‌వేరులో ఎడమ ఛానెల్‌ను కుడికి నకలు చేయండి. రెండింటినీ కలిపి సగటు తీస్తే మాట 6 డెసిబెళ్లు తగ్గుతుంది, పైగా కుడివైపు ఉన్న ఉత్త రొద కూడా కలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. కొలిచి చూస్తే తేడా గెంతులుగానే పెరుగుతోంది, అదీ ఒక రికార్డింగు ముగిసి మరొకటి మొదలయ్యే చోట్ల. అంచు ట్రాకుకు మార్చాక చిటపటలు పోయాయి. జుమ్మనే రొద మాత్రం అలాగే ఉంది. సాఫ్ట్‌వేరుతో తీసేస్తే సరిపోతుందా?

మూడో సమాధానం:
ముందు టేపును ఆపి, తీగలు అలాగే ఉంచి వినండి. టేపు ఆగినా రొద వినిపిస్తుంటే అది క్యాసెట్టుది కాదు, ఎర్త్ తీగల ద్వారా పరికరాల మధ్య ఏర్పడిన వలయానిది. ల్యాప్‌టాప్ అయితే ఛార్జరు తీసి బ్యాటరీ మీద నడపండి. వీసీఆర్‌కు కేబుల్ టీవీ తీగ ఉంటే అదీ తీసేయండి. అలా పోయిన రొద మళ్లీ రాకుండా ఉండాలంటే ఆడియో తీగ మధ్యలో ఆ వలయాన్ని తెంపి ధ్వనిని మాత్రం పోనిచ్చే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. తీగతో పోయేదాన్ని సాఫ్ట్‌వేరుతో తీయడం నాకు నచ్చదు, ఎందుకంటే దానితో పాటు మాటలోనూ కొంత పోతుంది.

టేపులోనే ఉన్న సరసర శబ్దానికైతే ఎవరూ మాట్లాడని ఒకటి రెండు సెకన్ల ముక్కను సాఫ్ట్‌వేరుకు నమూనాగా ఇచ్చి, 6 నుంచి 12 డెసిబెళ్ల దాకానే తగ్గించండి. అంతకు మించితే గొంతులు నీళ్లలోంచి వస్తున్నట్టుంటాయి. మూల ఫైలును చెరపకండి. ఎక్కించేటప్పుడు అతి పెద్ద శబ్దం కూడా గరిష్ఠ స్థాయికి కనీసం 6 డెసిబెళ్లు కింద ఉండేలా చూసుకోండి, ఎందుకంటే పగిలిన ధ్వనిని తరువాత అతికించలేం. డీవీడీకి కావలసింది 48,000 హెర్ట్జ్ ధ్వని కాబట్టి ఆడియో సీడీల 44,100తో కాకుండా మొదటి నుంచీ దానితోనే రికార్డు చేయండి.