బ్యూట్ హౌస్ ఒప్పందం కూలింది ఉద్గారాల దగ్గరా, అద్దె ఇళ్ల దగ్గరా?

ప్రశ్న (రాజనీతి శాస్త్ర విద్యార్థి)

అందరికీ నమస్కారం. సంకీర్ణ ప్రభుత్వాల మీద సెమినార్ పత్రం రాస్తూ స్కాట్లండ్ దగ్గర ఆగిపోయాను. 2021 ఆగస్టులో అధికారంలో ఉన్న స్కాటిష్ నేషనల్ పార్టీ, పర్యావరణవాద పార్టీ స్కాటిష్ గ్రీన్స్ ఒక ఒప్పందం కుదుర్చుకున్నాయి. ఎడిన్‌బరాలోని ఫస్ట్ మినిస్టర్ (స్కాట్లండ్ ప్రభుత్వాధినేత) అధికార నివాసం పేరు మీదే దానిని బ్యూట్ హౌస్ ఒప్పందం అంటున్నారు. 2032 నాటికి 1,10,000 చవక ఇళ్లు, అద్దెల నియంత్రణకు చట్టం, పవన విద్యుత్తు విస్తరణ అంటూ ఇంత వివరంగా రాసుకున్న పత్రం మూడేళ్లు నిండకుండానే, 2024 ఏప్రిల్ 25న ఎందుకు రద్దయింది? వాతావరణాన్ని వేడెక్కించే వాయువుల ఉద్గారాలను తగ్గించాలన్న లక్ష్యాన్ని ప్రభుత్వం వదిలేయడమే కారణమని చదివాను. అది అంత ఒక్క మాటలో తేలే విషయమేనా? అసలు దీనిని సంకీర్ణం అనాలా, బయటి నుంచి మద్దతు అనాలా?

జవాబు 1

మీ చివరి సందేహంతోనే మొదలుపెడతాను. 129 స్థానాల పార్లమెంటులో 2021 మే ఎన్నికల్లో నేషనల్ పార్టీకి 64 వచ్చాయి, అంటే మెజారిటీకి ఒకటి తక్కువ. గ్రీన్స్‌కు 8 వచ్చాయి. ఒప్పందం ప్రకారం గ్రీన్స్ నాయకులు ప్యాట్రిక్ హార్వీ, లోర్నా స్లేటర్ మంత్రులయ్యారు గానీ కేబినెట్‌లో చేరలేదు. హార్వీకి దక్కిన శాఖలో ఇళ్ల నుంచి వెలువడే కర్బనాన్ని తగ్గించడం, అద్దెదారుల హక్కులు రెండూ ఉన్నాయి. బదులుగా అవిశ్వాస తీర్మానాల్లోనూ ఏటా బడ్జెట్ మీదా గ్రీన్స్ ప్రభుత్వాన్ని నిలబెట్టాలి. నాటో సభ్యత్వం, విమానయాన విధానం, ప్రైవేటు పాఠశాలల వంటి కొన్ని అంశాల్లో మాత్రం ఎవరి అభిప్రాయం వారిదేనని ముందే జాబితా రాసుకున్నారు. 2004లో మన వామపక్షాలు కనీస ఉమ్మడి కార్యక్రమం మీద యూపీఏకు బయటి నుంచి ఇచ్చిన మద్దతు కంటే ఇది దగ్గరి బంధం, పూర్తి సంకీర్ణం కంటే దూరపు బంధం.

నా దృష్టిలో అసలు బలహీనత డబ్బు దగ్గర ఉంది. విభేదించదగిన అంశాలకు జాబితా రాసుకున్నవారు, నిధులు తగ్గితే ఏ హామీకి ముందు కోత పడాలో రాసుకోలేదు. 2024-25 బడ్జెట్‌లో చవక ఇళ్ల నిర్మాణ నిధి దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. ఆ బడ్జెట్‌కు గ్రీన్స్ ఓటు వేయవలసి వచ్చింది. కాబట్టి ఉద్గారాల వివాదం రాకముందే ఇళ్ల హామీ డొల్లబారడం మొదలైందని నా అభిప్రాయం.

జవాబు 2 (గ్లాస్గోలో అద్దెకు ఉంటున్నాను)

ఇళ్ల విషయంలో ఏమీ జరగలేదని అనుకోవద్దు. ధరలు మండిపోతున్న 2022లో ప్రభుత్వం సెప్టెంబరు 6 నుంచి అద్దెలను స్తంభింపజేసింది. 2023 ఏప్రిల్ నుంచి ఏడాది పాటు పెంపు మామూలుగా 3 శాతానికి మించకూడదని కట్టడి చేసింది. నేను, నా మిత్రుడు కలిసి 850 పౌండ్లకు ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. యజమాని మూడు నెలల ముందు నోటీసు పంపినప్పుడు అందులో పెంపు సరిగ్గా 25 పౌండ్ల 50 పెన్నీలు ఉంది. అంతకు మించి ఒక్క పెన్నీ అడగలేకపోయాడు.

అయితే ఆ రక్షణ నడుస్తున్న అద్దె ఒప్పందానికే తప్ప ఇంటికి కాదు. మిత్రుడికి వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోగానే పాత పత్రం రద్దు చేసుకుని, నా పేర, కొత్తగా వచ్చిన అబ్బాయి పేర మరొకటి రాయవలసి వచ్చింది. అదే ఇల్లు, అదే తలుపు, అదే కారే కుళాయి, అద్దె మాత్రం 1,050 అయింది. ఏటా సెప్టెంబరులో ఇళ్లు వెతుక్కునే మన తెలుగు విద్యార్థులకు ఆ 3 శాతం కట్టడి వల్ల ఒరిగింది తక్కువే. ఉన్న ఇంట్లో కదలకుండా ఉన్నవారికి మేలు జరిగింది.

జవాబు 3

రద్దయిన తీరు కూడా గమనించండి. 1990తో పోలిస్తే 2030 నాటికి ఉద్గారాలను 75 శాతం తగ్గించాలని 2019లోనే చట్టం చేశారు. ఆ లక్ష్యం ఇక నమ్మదగినది కాదని వాతావరణ మార్పుల సలహా సంఘం 2024 మార్చిలో తేల్చి చెప్పింది. ఏప్రిల్ 18న మంత్రి మైరీ మెక్‌అలన్ దానిని విరమిస్తున్నట్లు ప్రకటించారు. ఒప్పందంలో కొనసాగాలా వద్దా అన్నది సభ్యుల ఓటుకు పెడతామని గ్రీన్స్ చెప్పారు, కొనసాగాలన్నదే హార్వీ, స్లేటర్ల వాదన. ఆ ఓటు జరగకుండానే ఫస్ట్ మినిస్టర్ హంజా యూసఫ్ 25వ తేదీ ఉదయం వారిద్దరినీ బ్యూట్ హౌస్‌కు పిలిపించి తానే తెగతెంపులు చేసుకున్నారు. అప్పటికి సభలో ఆయన పార్టీ బలం 63కు తగ్గి ఉంది. అవిశ్వాస తీర్మానంలో గ్రీన్స్ తమ ఓట్లు ఆయనకు వ్యతిరేకమని చెప్పడంతో నాలుగు రోజులకే రాజీనామా ప్రకటించారు. లక్ష్యం వదులుకోవడాన్ని గ్రీన్స్ నాయకత్వం దిగమింగుకునేదేమో గానీ, గెంటివేతను ఏ పార్టీ దిగమింగుకోదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మరి అద్దె నియంత్రణ చట్టం ఏమైంది?

జవాబు 2 రాసినవారు

2025 సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదించింది, అప్పటికి గ్రీన్స్ ప్రతిపక్షంలో ఉన్నారు. అద్దె నియంత్రణ ప్రాంతాలుగా ప్రకటించిన చోట పెంపు వినియోగదారుల ధరల ద్రవ్యోల్బణానికి 1 శాతం కలిపినంత, గరిష్ఠంగా 6 శాతం. అద్దెదారు మారినా అదే పరిమితి వర్తిస్తుంది కనుక నేను చెప్పిన సందు మూసుకుపోతుంది. అయితే ముందు ఆ ప్రాంతాలను ప్రకటించాలి. ఈలోగా మా కుళాయి ఇంకా కారుతూనే ఉంది.