పౌర హక్కుల ఉద్యమాన్ని రాజేసింది ఎమ్మెట్ టిల్ హత్యేనా?

కృష్ణకాలవ:
మొన్న ఆదివారం మా బావగారింట్లో భోజనాల దగ్గర మొదలైన వాదన ఇది. పెరుగన్నం దాకా వచ్చినా తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా.

ఆయన మాట ఏంటంటే, అమెరికాలో పౌర హక్కుల ఉద్యమాన్ని పుట్టించింది ఒక హత్య. 1955లో ఎమ్మెట్ టిల్‌ని చంపకపోతే రోజా పార్క్స్ అనే నల్లజాతి మహిళ బస్సులో తెల్లవాళ్లకి సీటు వదలకుండా కూర్చునేది కాదు, మార్టిన్ లూథర్ కింగ్ పేరు మన దాకా వచ్చేది కాదు. నాకిది ఇంటర్వెల్ ముందు సీను పెట్టినట్టు అనిపించింది.

తెలియనివాళ్ల కోసం జరిగింది చెప్తా. ఎమ్మెట్ షికాగోలో ఉండే నల్లజాతి కుర్రాడు, 14 ఏళ్లు. వేసవి సెలవులకి మిసిసిపీలో మనీ అనే పల్లెలో ఉండే తాత వరస మోజ్ రైట్ ఇంటికి వెళ్లాడు. ఆగస్టు 24న పిల్లలంతా కలిసి బ్రయంట్ వాళ్ల కిరాణా కొట్టుకి వెళ్లారు. కొట్లో ఉన్న తెల్లజాతి అమ్మాయి కెరొలిన్ బ్రయంట్‌ని చూసి ఈల వేశాడు. ఈల సంగతి వెంట ఉన్న పిల్లలు కూడా కాదనలేదు. అంతకు మించి ఏదో చేశాడని ఆమె తర్వాత కోర్టులో చెప్పింది, దానికి రుజువు మాత్రం లేదు. ఆగస్టు 28 తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే, ఆమె భర్త రాయ్ బ్రయంట్, అతని అన్న జె.డబ్ల్యు. మైలమ్ వచ్చి పిల్లాణ్ణి మంచం మీంచి లేపి తీసుకుపోయారు. 31న టల్లహాచీ నదిలో శవం దొరికింది. మెడకి పత్తి జిన్ను ఫ్యాను, 30 కిలోల పైన బరువుంటుంది, ముళ్లతీగతో కట్టి ఉంది.

ఘోరమే, కాదనను. కానీ ఉద్యమం అప్పటికే నడుస్తోంది కదా! బడుల్లో జాతి వేర్పాటు చెల్లదని సుప్రీం కోర్టు బ్రౌన్ కేసులో 1954 మే నెలలోనే చెప్పింది. బేటన్ రూజ్ ఊళ్లో నల్లవాళ్ల బస్సుల బహిష్కరణ 1953లోనే జరిగింది. రోజా పార్క్స్ ఉండే ఊరు మాంట్‌గొమరీలో జో ఆన్ రాబిన్సన్ అనే కాలేజీ టీచరు, బస్సుల్లో పద్ధతి మారకపోతే ఎక్కడం మానేస్తామని మేయరుకి 1954 మే నెలలో ఉత్తరం రాసింది. క్లాడెట్ కాల్విన్ అనే 15 ఏళ్ల పిల్ల సీటు వదలనందుకు అరెస్టయింది 1955 మార్చిలో. ఇవన్నీ ఎమ్మెట్ బతికుండగా జరిగినవే. ఎసరు మరుగుతుంటే పొయ్యి ఎవరు వెలిగించారని అడిగినట్టుంది బావగారి ప్రశ్న.

వేపచెట్టు:
కృష్ణకాలవ గారూ, మీ బావగారికి నా ఓటు. తేదీలు మీరే ఇచ్చారు, ఇంకొక్కటి నేను ఇస్తా: 1955 నవంబరు 27. ఆ రోజు మాంట్‌గొమరీలో కింగ్ పాస్టరుగా ఉన్న డెక్స్టర్ అవెన్యూ చర్చిలో మీటింగు. మాట్లాడింది మిసిసిపీ నుంచి వచ్చిన డాక్టరు టి.ఆర్.ఎం. హోవర్డ్, విషయం ఎమ్మెట్ టిల్ కేసు. వినడానికి వచ్చినవాళ్లలో రోజా పార్క్స్ ఉంది. ఆమె బస్సులో అరెస్టయింది డిసెంబరు 1న, అంటే నాలుగే రోజుల తర్వాత. "ఎమ్మెట్ గుర్తొచ్చాడు, ఇక లేవలేకపోయాను" అని ఆవిడే అన్నారుగా?

చిట్టాపద్దు:
మీటింగుకి వెళ్లడం నిజం. కానీ ఆ గుర్తొచ్చాడన్న మాట ఎక్కువగా వేరేవాళ్లు తర్వాత చెప్పగా ప్రచారంలోకి వచ్చింది, దాని మీద మేడ కట్టకండి. రోజా పార్క్స్ అప్పటికే పన్నెండేళ్లుగా నల్లవాళ్ల హక్కుల సంఘం ఎన్.ఎ.ఎ.సి.పి.లో పనిచేస్తోంది. ఆవిణ్ణి ఒక్క ఉపన్యాసంతో మారిపోయిన అమాయకురాలిని చెయ్యడం ఆవిడకే అన్యాయం.

ఇంకో మాట. అదే ఏడాది, అదే మిసిసిపీలో మే నెలలో బెల్జోనీలో రెవరెండ్ జార్జ్ లీని కాల్చి చంపారు. ఆగస్టు 13న బ్రూక్‌హేవెన్‌లో లమార్ స్మిత్‌ని కోర్టు ఆవరణలోనే, పట్టపగలు, జనం చూస్తుండగా కాల్చారు. ఇద్దరి తప్పూ ఒకటే, నల్లవాళ్లని ఓటర్లుగా చేర్పించడం. వీళ్ల పేర్లు ఈ గ్రూపులో ఎంతమందికి తెలుసు? హత్యలే ఉద్యమాన్ని పుట్టించేట్టయితే మూకహత్యల లెక్క రాసిపెట్టిన టస్కీగీ విద్యాసంస్థ ప్రకారం 1882 నుంచి 1968 దాకా మూకలు చంపిన నల్లవాళ్లు 3,446 మంది. ఉద్యమం అన్నిసార్లు పుట్టాలి.

వేపచెట్టు:
సరిగ్గా నేను చెప్పబోయేదీ అదే చిట్టాపద్దు గారూ. లీ, స్మిత్‌లకీ ఎమ్మెట్‌కీ తేడా ఎక్కడొచ్చింది? వాళ్లమ్మ దగ్గర.

శవాన్ని వెంటనే మిసిసిపీలోనే పూడ్చెయ్యాలని అక్కడి పోలీసు పెద్ద, షెరిఫ్ స్ట్రైడర్ తొందరపెట్టాడు. మేమీ టిల్ ఒప్పుకోలేదు, షికాగోకి తెప్పించుకుంది. గుర్తుపట్టేలా లేదు మొహం. వేలికి ఉన్న ఉంగరం మీద ఎల్.టి. అని అక్షరాలున్నాయి, అవి చనిపోయిన తండ్రి లూయిస్ టిల్‌వి. శవాన్ని కాస్త సరిచెయ్యమంటారా అంటే వద్దంది. పెట్టె మూత తీసే ఉంచమంది. నేను చూసింది లోకం కూడా చూడాలి అన్నది ఆవిడ పట్టుదల. రోజుల తరబడి జనం బారులు తీరారు, వేలకి వేలు. జెట్ పత్రిక ఫొటో వేసింది. నల్లజాతి ఇళ్లలో ఆ పత్రిక చేతులు మారి మారి నలిగిపోయింది. మన ఇళ్లలో పిల్లాడి శవం మీద గుడ్డ కప్పి, ఆడవాళ్లని పక్క గదిలోకి పంపేస్తారు. ఆవిడ ఆ గుడ్డ లాగేసింది. 33 ఏళ్ల మనిషి, ఉన్నది ఒక్కడే కొడుకు.

కాబట్టి హత్య కాదు, ఆ తెరిచిన పెట్టె. నా మాట అంతే.

అడ్డరోడ్డు:
1955 నాటి అమెరికా గొడవ ఇప్పుడు మనకెందుకు? ఇక్కడ కరెంటు చార్జీల గురించి పోస్టు పెడితే ఒక్కరూ రిప్లై ఇవ్వరు.

టెనసీ తెలుగోడు:
అడ్డరోడ్డు అన్నా, చార్జీల పోస్టుకి నేను రిప్లై ఇచ్చా, చూసుకో.

నేను ఉండేది మెంఫిస్. కారులో రెండు గంటల్లో మనీ వెళ్లొచ్చు. ఒక శనివారం నేనూ నా ఫ్రెండూ వెళ్లాం. ఊరంటే ఊరు కాదు, రైలు పట్టాలు, పత్తి చేలు. ఆ కొట్టు పైకప్పు కూలిపోయి, మొండిగోడల మీద తీగలు అల్లుకుపోయి ఉంది. ముందు ఒక చరిత్ర బోర్డు, అంతే. శవం దొరికిందని చెప్పే చోట నది ఒడ్డున పెట్టిన బోర్డుని మాటిమాటికీ తుపాకులతో కాల్చేవాళ్లు, చివరికి 2019లో గుళ్లు దిగని బోర్డు పెట్టారు. బోర్డుకి కూడా బుల్లెట్‌ప్రూఫ్ కావాల్సి వచ్చింది, చూడండి.

సమ్నర్ ఊళ్లో బ్రయంట్, మైలమ్‌ల మీద విచారణ జరిగిన కోర్టు హాలు మాత్రం ఆ రోజుల్లో ఎలా ఉందో అలా బాగుచేసి ఉంచారు. నాకు అక్కడ నిలబడ్డాక తట్టింది మేమీ టిల్ కాదు, మోజ్ రైట్. పరాయి పొలంలో పాలుకి పత్తి పండించే 64 ఏళ్ల ముసలాయన. తెల్లవాళ్లతో నిండిన హాల్లో లేచి నిలబడి, మా ఇంటికొచ్చి పిల్లాణ్ణి తీసుకుపోయింది వీళ్లే అని వేలు పెట్టి చూపించాడు. మిసిసిపీలో ఆ రోజుల్లో అలా చూపించడమంటే మర్నాడు బతికుంటానో లేదో తెలియకుండా చెయ్యడమే. సాక్ష్యం చెప్పాక ఇక అక్కడ ఉండలేక, చేలో పత్తి చేలోనే వదిలేసి షికాగో వెళ్లిపోయాడు.

తీర్పు చెప్పడానికి మామూలు జనంలోంచి ఎంచిన జ్యూరీ 67 నిమిషాల్లో ఆ ఇద్దరూ నిర్దోషులని తేల్చింది. కూల్‌డ్రింక్ తాగడానికి ఆగకపోతే అంతసేపు కూడా పట్టేది కాదని వాళ్లలో ఒకడు అన్నాడట.

లాపాయింట్:
వృత్తిరీత్యా వకీలుని కాబట్టి ఇందాకటి నుంచి చెయ్యి దురదగా ఉంది. ఫొటో, తల్లి, ముసలాయన, అన్నీ సరే. అసలు ఆ జ్యూరీలో ఒక్క నల్లవాడు ఎందుకు లేడు? అక్కడ జ్యూరీని ఓటర్ల జాబితాలోంచి తీసేవాళ్లు, అదీ మగవాళ్లనే. విచారణ జరిగిన టల్లహాచీ కౌంటీలో (మన జిల్లా లాంటిది) నల్లవాళ్లని ఓటరుగా చేరనిచ్చేవాళ్లే కాదు. ఓటు లేదు కాబట్టి జ్యూరీలో చోటు లేదు. జ్యూరీలో చోటు లేదు కాబట్టి చంపినవాడికి శిక్ష లేదు. షెరిఫ్ కూడా ఎన్నికైనవాడే, అతనికి నల్లవాళ్ల ఓట్లతో పని లేదు. లమార్ స్మిత్‌ని ఎందుకు చంపారో ఇప్పుడు కలిపి చూడండి. చిట్టాపద్దు గారు వేరు వేరు హత్యలుగా చెప్పినవి ఒకే తాళాన్ని కాపాడటానికి పేల్చిన తూటాలు.

అందుకే నేను కృష్ణకాలవ గారి వైపూ లేను, బావగారి వైపూ లేను. ఈ కేసు జనానికి చూపించింది శవాన్ని ఒక్కదాన్నే కాదు, యంత్రాన్ని. బ్రౌన్ తీర్పు కాగితం మీద ఉంది, షెరిఫ్ మాత్రం నది ఒడ్డున ఉన్నాడు. ఢిల్లీ పట్టించుకోని కేసు అంటాం కదా, అలాగే వాషింగ్టన్ కూడా. మేమీ టిల్ ప్రెసిడెంటు ఐసన్‌హోవర్‌కి టెలిగ్రాం ఇస్తే జవాబు రాలేదు. 1957లో పౌర హక్కుల చట్టం వచ్చింది, న్యాయశాఖలో ఒక విభాగమూ, ఒక కమిషనూ ఏర్పడ్డాయి, కానీ పళ్లు లేని పులి. అసలు పళ్లు 1965 ఓటు హక్కు చట్టంతో వచ్చాయి.

హంతకులా? ఒకే నేరానికి రెండోసారి విచారించకూడదు కాబట్టి ధైర్యంగా 1956 జనవరిలో లుక్ పత్రికకి డబ్బులు తీసుకుని మరీ చంపామని చెప్పుకున్నారు. మూకహత్యని ఫెడరల్ నేరం చేసే చట్టం ఎమ్మెట్ పేరుతో వచ్చింది 2022 మార్చిలో. 67 నిమిషాల తీర్పు, 67 ఏళ్ల చట్టం. లెక్క నేను కావాలని కలపలేదు, అదే కలిసింది.

కృష్ణకాలవ:
లాపాయింట్ గారూ, ఆ జ్యూరీ లింకు నాకు తట్టలేదు. కానీ మీరు చెప్పింది చూస్తే నా వాదనే బలపడుతోంది కదా? ఫొటో కంటే సంస్థలూ కరపత్రాలే పనిచేశాయి. రోజా పార్క్స్ అరెస్టయిన రాత్రి జో ఆన్ రాబిన్సన్ కాలేజీలో స్టెన్సిల్ కోసి తెల్లారేసరికి వేలకొద్దీ కరపత్రాలు తీయించింది. ఆవిడ దగ్గర పథకం సిద్ధంగా లేకపోతే మాంట్‌గొమరీలో 381 రోజుల బస్సుల బహిష్కరణ జరిగేదా?

వేపచెట్టు:
కరపత్రం తీసేవాళ్లు ఉన్నారు సరే, చదివి ఎండలో మైళ్లు నడిచినవాళ్లో? 50 వేల మంది ఎందుకు నడిచారు?

చిట్టాపద్దు:
మాంట్‌గొమరీ దగ్గరే ఎందుకు కొట్టుకుంటున్నారు ఇద్దరూ? ఐదేళ్లు ముందుకి రండి. 1960 ఫిబ్రవరి 1, గ్రీన్స్‌బరో. నలుగురు కాలేజీ కుర్రాళ్లు తెల్లవాళ్లకే వడ్డించే హోటల్ కౌంటరు దగ్గర కూర్చున్నారు. అక్కణ్ణుంచి ఊరూరా పాకింది. ఎమ్మెట్ పుట్టింది 1941 జూలైలో, బతికుంటే అప్పటికి 18. ఆ నలుగురిదీ ఇంచుమించు అదే ఈడు. తర్వాత ఉద్యమ నాయకుడైన జాన్ లూయిస్‌కి ఎమ్మెట్ చనిపోయినప్పుడు 15. 2020లో చనిపోయే ముందు రాసిన వ్యాసంలో ఎమ్మెట్ టిల్ నా జార్జ్ ఫ్లాయిడ్ అన్నాడాయన, ఆ ఏడాదే పోలీసు చేతిలో చనిపోయిన నల్లవాడి పేరు తీసుకుని. స్నిక్ అనే విద్యార్థుల ఉద్యమ సంఘంలో పనిచేసిన జాయిస్ లాడ్నర్ తమది ఎమ్మెట్ టిల్ తరం అని చెప్పుకుంది. ఆ ఫొటో పెద్దవాళ్లని కదిలించిందో లేదో గానీ, ఆ ఈడు పిల్లలకి మాత్రం అది నేనే అయ్యుండొచ్చు అనిపించింది. 1955లో మొదలైనదేంటి అంటే నేను ఇప్పుడు ఇదే చెప్తా. అంతకు ముందు పోస్టులో నేను కొంచెం ఎక్కువే కొట్టిపారేశాను.

కాన్సస్ చలి:
ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకునేదాన్ని. అడ్డరోడ్డు గారి "మనకెందుకు" చూసి రాస్తున్నా.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేథాలో శ్రీనివాస్ కూచిభొట్లని బారులో కాల్చి చంపినప్పుడు నేను అక్కడికి అరగంట దూరంలో ఉన్నా. నా దేశంలోంచి పొండి అని అరిచి కాల్చాడు. మర్నాడు మా అమ్మ గుంటూరు నుంచి ఫోను చేసి, బయట తెలుగులో మాట్లాడకే, ఫోను వచ్చినా ఎత్తకు, ఇంటికొచ్చాక మాట్లాడదాం అంది. నెల రోజులు సూపర్‌మార్కెట్లో నేనూ మా ఆయనా సైగలతో కూరగాయలు కొన్నాం. నవ్వొస్తుంది ఇప్పుడు తలుచుకుంటే, అప్పుడు రాలేదు.

ఆ హంతకుడికి 2018లో రాష్ట్ర కోర్టులోనూ, జాతి విద్వేష నేరం కింద ఫెడరల్ కోర్టులోనూ యావజ్జీవం పడింది. ఎమ్మెట్‌కి దొరకని ఆ రెండో కోర్టు ఊరికే రాలేదు.

ఇంకోటి, మేమంతా ఇక్కడికి ఎలా వచ్చామో కూడా చూడండి. 1946 చట్టం కింద భారతదేశానికి ఏడాదికి 100 మంది కోటా. దాన్ని తీసేసిన వలస చట్టం 1965 అక్టోబరులో వచ్చింది, ఓటు హక్కు చట్టం మీద సంతకమైన రెండు నెలలకే. జాతిని బట్టి మనిషిని తూచకూడదన్న గాలి అప్పుడు వీచింది కాబట్టే. మా వీధిలో పది తెలుగు కుటుంబాలున్నాయి. సంక్రాంతికి ముగ్గులు వేస్తాం. మేమీ టిల్ పేరు విన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని పోయినసారి అడిగా. మా పదో తరగతి పిల్లాడు ఒక్కడే చెయ్యెత్తాడు.

అడ్డరోడ్డు:
సరేనమ్మా. నాకు ఈ 1965 సంగతి తెలీదు. మా తమ్ముడు డల్లాస్‌లోనే ఉన్నాడు, వాడికి పంపుతా.

కృష్ణకాలవ:
ఈ చర్చ మొత్తం బావగారికి పంపాను. మీరు చెప్పినవాటిలో చిట్టాపద్దు గారి గ్రీన్స్‌బరో పాయింటుకి నేను ఒప్పుకుంటున్నా, మాంట్‌గొమరీ విషయంలో ఇంకా ఒప్పుకోలేదు. ఆయన రిప్లై ఇప్పుడే వచ్చింది: "ముందు ఆ జ్యూరీలో కూల్‌డ్రింక్ తాగినవాడి పేరు కనుక్కో, మిగతాది ఆదివారం మాట్లాడదాం. గుత్తి వంకాయ చేయిస్తున్నా."