టోక్యో డోమ్‌లో ఇనోయె–నేరీ: తూకం తప్పినవాడికి టైటిల్ పోటీ ఇవ్వొచ్చా?

కార్నర్‌స్టూల్
2024 మే 6, సోమవారం. జపాన్ బాక్సర్ నవోయా ఇనోయె తన సూపర్ బాంటమ్‌వెయిట్ బెల్టులు నాలుగూ పందెంలో పెట్టి లూయిస్ నేరీతో తలపడుతున్నాడు. పరిమితి 122 పౌండ్లు, అంటే 55.3 కిలోలు. ఇనోయె 26 ఆడి 26 గెలిచాడు, అందులో 23 నాకౌట్లు. మెక్సికోవాడు నేరీ 36లో ఒక్కటే ఓడాడు. టోక్యో డోమ్‌లో బాక్సింగ్ జరగడం 1990లో టైసన్‌ని బస్టర్ డగ్లస్ పడగొట్టాక ఇదే మొదటిసారి.

నా లెక్క: ఏడో రౌండ్‌లోపు అయిపోతుంది. నేరీ ఎడమచెయ్యి విసిరేటప్పుడు గడ్డం పైకి లేస్తుంది, పక్కటెముకలు ఖాళీగా వదిలేస్తాడు. 2021లో బ్రాండన్ ఫిగెరోవా ఏడో రౌండ్‌లో కడుపు మీద కొట్టే కూలబెట్టాడు. ఇనోయె ఎడమ హుక్ అదే చోట పడితే లేవడం కష్టం. మీరేమంటారు?

హెవీవెయిట్_మామ
55 కిలోలంటే రెండు బియ్యం బస్తాలు. దీనికి అంత స్టేడియమా? 18న ఫ్యూరీ–ఉసిక్ హెవీవెయిట్ పోటీ ఉంది, అప్పుడు లేపండి.

పందెంకోడి_భీమవరం
మామా, మా పుంజు అయిదు కిలోలు కూడా ఉండదు. సంక్రాంతికి వచ్చి బరిలో నిలబడి ఆ మాట అను.

తూకంరాయి
ఎన్నో రౌండ్ అన్నది తర్వాత. అసలు ఈ మనిషి జపాన్ రింగులోకి మళ్ళీ ఎలా వచ్చాడో ఎవరూ అడగరా?

తెలియనివాళ్ళకి చెప్తాను. 2017 ఆగస్టులో క్యోటోలో షిన్‌సుకే యమనకాని నాలుగో రౌండ్‌లో ఓడించాడు. యమనకా అప్పటికి 12 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. ఇంకొక్కటి గెలిస్తే యోకో గుషికెన్ పేరు మీదున్న 13 జపాన్ రికార్డుతో సమానం. ఆ తర్వాత నేరీ పరీక్షలో జిల్పటెరాల్ బయటపడింది, పశువుల్ని బలిపించడానికి మేతలో కలిపే మందు. మాంసంలో వచ్చిందన్నాడు, ఆ బెల్టు ఇచ్చే సంస్థ డబ్ల్యూబీసీ సరేనంది, మళ్ళీ ఆడమంది. 2018 మార్చిలో ఆ రెండో పోటీకి 53.5 కిలోలకి రావాల్సినవాడు 55.8తో వచ్చాడు. 2.3 కిలోలు ఎక్కువ! తూకం దగ్గరే బెల్టు పోయింది, అయినా ఆట ఆడించారు. యమనకా రెండో రౌండ్‌లో పడ్డాడు, అదే అతని ఆఖరి పోటీ. జపాన్ బాక్సింగ్ కమిషన్ నేరీని నిరవధికంగా బహిష్కరించింది. ఈ ఏడాది మొదట్లో ఎత్తేసింది. ఎందుకో చెప్పక్కర్లేదు, డోమ్ నిండాలి కదా.

సౌత్‌పా
అన్నా, 2.3 కాదు, 1.3. గడువు ఇచ్చాక రెండోసారి తూచినప్పుడు 54.8 వచ్చింది. లెక్కలోకి వచ్చేది అదే.

అతను దొడ్డిదారిన రాలేదు కూడా. నిరుడు ఫిబ్రవరిలో అజాత్ హొవానిస్యాన్‌తో 11 రౌండ్లు రక్తాలు కారేలా ఆడి డబ్ల్యూబీసీ వరసలో ముందుకొచ్చాడు. ఆరేళ్ళు ఆ దేశంలో అడుగుపెట్టనివ్వలేదు. ఇంకెన్నేళ్ళు?

ఆట సంగతికొస్తే, అందరూ ఇనోయె సులువుగా గెలుస్తాడంటున్నారు. మొదటి రెండు రౌండ్లు చూసి మాట్లాడండి. 2019లో డొనేర్ ఎడమ హుక్‌కి ఇనోయె కంటి కింద ఎముక విరిగింది. నేరీ గుద్దులు ఎటు నుంచి వస్తాయో నేరీకే తెలియదు, ప్రమాదం అక్కడే ఉంది. ఇనోయె ఇంతవరకు కింద పడలేదన్న మాట నిజమే, కానీ పడడని ఎక్కడా రాసిలేదు.

తూకంరాయి
2.3 తమ్ముడూ. మొదటి తూకమే తూకం. రెండోది బతిమాలితే ఇచ్చింది. ఇంకో విషయం చూడు. ఇప్పటి పరిమితి 55.3. ఆ రోజు అతను తెచ్చిన బరువు 55.8. అంటే కింది తరగతిలో ఆడడానికి వచ్చినవాడు ఈ పై తరగతికి కూడా సరిపోడు. దీన్ని పొరపాటు అంటారా?

సౌత్‌పా
1.3. రింగులోకి దిగింది ఆ బరువు మీద.

తూకంరాయి
రింగులోకి దిగేది తూకం అయ్యాక ఒక రోజంతా తిని తాగి. ప్రొఫెషనల్‌లో తూకం ముందురోజే ఉంటుంది, ఆ మాత్రం తెలియకుండా వాదిస్తున్నావా?

పందెంకోడి_భీమవరం
1.8 దగ్గర రాజీ పడండి.

నిషికసాయి_నుంచి
టోక్యోలో ఉంటాను, ఆఫీసులో విన్నది చెప్తున్నా. నా పక్క సీటాయన ఇనోయె అంటే ప్రాణం పెడతాడు, నేరీ పేరు మాత్రం నోటితో పలకడు, 'ఆ మనిషి' అంటాడు. టికెట్ మాత్రం కొన్నాడు! ఎందుకండీ అంటే, పడేటప్పుడు దగ్గర్నుంచి చూడాలి అన్నాడు.

ఇంకోటి, నేరీ తూకం తప్పితే దింపడానికి టీజే డోహెనీ అనే ఇంకో బాక్సర్‌ని అదే రోజు కార్డులో (పోటీల జాబితాలో) సిద్ధంగా పెట్టారు.

తూకంరాయి
చూశారా! పెళ్ళికొడుకు వస్తాడో రాడో అని ఇంకో పెళ్ళికొడుకుని పందిట్లో కూర్చోబెట్టారు. నిర్వాహకులకే నమ్మకం లేదు. 2019లో ఇమాన్యుయెల్ రోడ్రిగెజ్‌తో ఆటకి కూడా ఒక పౌండు ఎక్కువొచ్చాడు. రోడ్రిగెజ్ నేను ఆడనని వెళ్ళిపోయాడు. ఆ రోజు యమనకా కూడా అలా వెళ్ళిపోవాల్సింది.

కార్నర్‌స్టూల్
అయ్యా, ప్రివ్యూ అని మొదలుపెట్టాను. ఇనోయె నిరుడు ఫుల్టన్‌ని 8వ రౌండ్‌లో, టపాలెస్‌ని 10వ రౌండ్‌లో ఆపాడు. నేరీలాగే టపాలెస్ కూడా ఎడమచేతివాటమే కదా, ఆ ఆట నుంచి ఏమైనా పనికొస్తుందేమో చూద్దామా?

సౌత్‌పా
టపాలెస్ వెనక్కి వాలి దాక్కుంటాడు, అందుకే అన్ని రౌండ్లు నిలిచాడు. నేరీ అలా ఉండడు. మీదకొస్తాడు. అందుకే ఆరు దాటదు, ఎటైనా.

తూకంరాయి అన్నా, మీరు ఒక్కసారైనా బరువు దించి ఉంటే ఇలా మాట్లాడరు.

తూకంరాయి
నేను దించలేదా? నిజామాబాద్‌లో పుట్టినవాణ్ణి. నిఖత్ జరీన్, హుసాముద్దీన్ పేర్లు మీరు వినకముందే మా ఊళ్ళో గ్లౌజులు వేసుకున్నవాళ్ళం. ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని ఏప్రిల్ ఎండలో పరిగెత్తాను. ఉమ్మేసి ఉమ్మేసి నాలుక ఎండిపోయేది.

జూనియర్స్‌లో ఒక పోటీ. నేను 46 కిలోల్లో 45.9 తూగాను. అవతలివాడు 700 గ్రాములు ఎక్కువ. అక్కడున్న ఒకాయన 'పిల్లలు, ఏదో కొంచెమే కదా, కానివ్వండి' అన్నాడు. కానిచ్చారు. ముక్కు పగిలింది. ఇప్పటికీ జలుబు చేస్తే ఎడమవైపు గాలి ఆడదు. వాడు ఆ సర్టిఫికెట్ మీద స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం తెచ్చుకున్నాడు. నాకు నీతులు చెప్పకు.

హెవీవెయిట్_మామ
అయ్యో.

సౌత్‌పా
మీ ముక్కుకి నేరీ ఏం చేశాడండీ?

పందెంకోడి_భీమవరం
అలా అనకూడదు బ్రదర్.

తూకంరాయి
అనివ్వండి. ఎప్పుడూ మోసం చేసినవాడి పక్కనే మాట్లాడేవాళ్ళు ఉంటారు.

సౌత్‌పా
మోసం అనకండి. మీ కథ అవతలి వైపు నుంచి ఒకటి చెప్తాను.

మా దగ్గర తూకం పొద్దున్నే, ఆట అదే రోజు. అమెచ్యూర్‌లో ఒక రోజు గడువు ఉండదు. రెండు రోజులు నీళ్ళు తాగలేదు. 300 గ్రాములు ఎక్కువొచ్చాను. గుండు కొట్టించుకున్నాను, బట్టలన్నీ విప్పి ఎక్కాను, ఇంకా 120 ఉంది. పంపించేశారు. బస్సులో ఇంటిదాకా మా నాన్న నాతో మాట్లాడలేదు. ఊళ్ళో అందరూ తిండి ఆపుకోలేనివాడు అన్నారు. నాకప్పుడు పదహారేళ్ళు, నెలనెలా ఎముక పెరుగుతోంది. ఒళ్ళు మాట వినకపోతే అది మోసమా?

నిఖత్ 2022లో 52 కిలోల్లో ప్రపంచ ఛాంపియన్, 2023లో 50లో. ఆ రెండు కిలోలు ఏం తీసుకుంటాయో మనం చప్పట్లు కొట్టేటప్పుడు గుర్తుండదు. తప్పినవాడు కనిపిస్తేనే గుర్తొస్తుంది.

నిషికసాయి_నుంచి
ఇద్దరూ ఒకే తూకం యంత్రం దగ్గర దెబ్బతిన్నారు, ఇప్పుడు నేరీని మధ్యలో పెట్టుకుని కొట్టుకుంటున్నారు.

తూకంరాయి
(చాలాసేపు ఆగి రాస్తున్నా.) నిన్ను పంపించేశారు తమ్ముడూ. తేడా అదే. నువ్వు అవతలివాణ్ణి కొట్టలేదు. నిన్ను నేనేమీ అనను. నేరీ తూకం తప్పినందుకు కాదు నా కోపం, తప్పాక కూడా యమనకా మీదకి వెళ్ళనిచ్చినందుకు. నువ్వు ఆరేళ్ళు శిక్ష చాలదా అంటున్నావు. చాలొచ్చు. కానీ ఆ ఆరేళ్ళలో యమనకాకి తిరిగొచ్చిందేమిటి? 13 రాలేదు. ఇప్పుడు నేరీకి డబ్బొస్తుంది, ఇనోయెకి పేరొస్తుంది.

సౌత్‌పా
మీరంటున్నది నేరీ మీద కాదన్నమాట, ఆడించినవాళ్ళ మీద. ముందే ఆ మాట అనుంటే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. అయినా బహిష్కరణ జీవితాంతం అంటే ఒప్పుకోను. ఆడి ఓడితే ఆడి ఓడాలి.

ముక్కు గురించి అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా.

తూకంరాయి
2.3 అని ఒప్పుకో, చాలు.

సౌత్‌పా
1.3.

కార్నర్‌స్టూల్
తూకం అయిపోయింది. ఇనోయె 55.2. నేరీ 54.8, పరిమితికి అర కిలో కిందే. డోహెనీ తన ఆట తాను ఆడుకోవచ్చు.

సౌత్‌పా
చూశారా అన్నా! అర కిలో తక్కువే.

తూకంరాయి
54.8. ఆ రోజు రెండో తూకంలో నువ్వు చెప్పిన అంకె ఎంతో పైకి వెళ్ళి చూసుకో.

పందెంకోడి_భీమవరం
మన టైములో ఎన్నింటికి మొదలవుతుంది?

నిషికసాయి_నుంచి
ఇక్కడ మీకన్నా మూడున్నర గంటలు ముందు. దీనికి ముందు నవోయా తమ్ముడు టకుమా ఇనోయెది ఒకటి, ఇంకో రెండు టైటిల్ పోటీలు ఉన్నాయి. మధ్యాహ్నం అన్నం తిని కూర్చో.